యంత్ర విద్యోపాసకుడు జి.డి. నాయుడు

మెదకు పట్టణానికి రైలుబండి 2022వ సంవత్సరంలో గాని రాలేదు. అంతకు పూర్వం మన పెద్దలు హైదరాబాదుకు పోవలెనన్నా, వైద్యానికి పోవలెనన్నా, పెండ్లి సామాను తేవలెనన్నా బస్సే దిక్కు. నిజాం ప్రభుత్వం తన రైల్వేకు అనుబంధంగా 1932 జూన్ నెలలో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పినప్పుడు దాని మొత్తం ఆస్తి 27 బస్సులు, సిబ్బంది 166 మంది. ఈనాటి ఆర్.టి.సి.కి అదే మూలం. సరిగా ఆ రోజుల్లోనే దక్షిణాన కోయంబత్తూరులో, ఇంట తెలుగు మాట్లాడే ఒక వ్యక్తి, బడి చదువు ప్రాథమిక తరగతుల దగ్గరే ఆగిపోయిన వ్యక్తి, రెండు వందలకు మించిన బస్సులను నడిపిస్తున్నారు. ఆయనే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయనను జి.డి. నాయుడుగా ఎరుగును.

ఏటేటా పరీక్షా ఫలితాలు వెలువడిన తరువాత మా వద్దకు వచ్చే విద్యార్థులలో కొందరు మోటారు లైనులోకి పోవచ్చునా అని అడుగుతుంటారు. ఆ ప్రశ్న అడిగేటప్పుడు వారి గొంతులో ఏదో తప్పు చేస్తున్నట్టి సంకోచం వినిపిస్తుంది. ఇంటిలో అన్నయో మామయో మెకానిక్ షెడ్డులో పనిచేస్తూ ఉంటారు. తమ్ముడైనా కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేయాలని వారి కోరిక. చేతికి మసి అంటే విద్యను విద్యగా లెక్కించని అలవాటు మన సమాజంలో బలంగా ఉన్నది. ఆ సంకోచానికి సమాధానంగా ఏ ఉపన్యాసమూ చెప్పక నాయుడు గారి జీవితాన్నే ఇక్కడ వివరించదలచాము. అయితే ఆయన చేసినదంతా ఒప్పేనని చెప్పడం మా ఉద్దేశం కాదు.

విజయనగర సామ్రాజ్య కాలంలోనూ, తరువాత నాయకరాజుల కాలంలోనూ తెలుగు దేశం నుండి తమిళ దేశానికి తరలిపోయి స్థిరపడిన వ్యవసాయ కుటుంబాలు అనేకం. కోయంబత్తూరు పరిసరాలలోని నల్లరేగడి భూములలో వారు పత్తి పండించారు. తరాలు గడిచినా ఇంట తెలుగు వదలలేదు. వీధిలో, వ్యాపారంలో తమిళమే. అట్టి కుటుంబంలో, కోయంబత్తూరుకు సమీపాన ఉన్న కలంగల్ అనే గ్రామంలో, 1893 మార్చి 23వ తేదీన దొరస్వామి నాయుడు జన్మించారు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. ఇంట ఒక భాష, బయట ఒక భాషతో పెరిగిన ఆ బాలుని పరిస్థితి, ఇంట ఉర్దూ, అంగడిలో తెలుగు మాట్లాడే మన విద్యార్థులకు వేరుగా చెప్పనవసరం లేదు.

బడి ఆయనకు పడలేదు. గురువుల మాట వినక, అల్లరి చేసి, బడి ఎగగొట్టి తిరిగేవారని చెబుతారు. చివరకు చదువు మాన్పించి పొలానికి పంపారు. ఇంతవరకు విని సంతోషించే విద్యార్థులు కొందరుంటారని మాకు తెలుసు. కాని నాయుడు గారు మానినది బడిని; చదువును కాదు. పొలం కావలికి పోయినప్పుడు దొరికిన తమిళ పుస్తకమల్లా చదివారు. తరువాతి జీవితంలో యూరపు దేశాలు తిరిగి, అక్కడి ఇంజనీర్లతో మాట్లాడి, వారి కర్మాగారాలను పరిశీలించగలిగినంత విద్యను స్వయంగా ఆర్జించారు. బడికి పోయేవాడికి గంట కొట్టగానే చదువు ముగుస్తుంది. స్వయంగా చదువుకునేవాడికి గంట కొట్టేవారు ఉండరు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు. లంకాషైర్ అనే ఆంగ్లేయ రెవెన్యూ అధికారి ఒకరు దానిమీద ఆ ప్రాంతానికి వచ్చారట. ఎద్దులు లేక, గుర్రం లేక, తానుగా పరుగెత్తే బండిని ఆ పల్లె యువకుడు చూడడం అదే మొదటిసారి. బండి మార్గమధ్యంలో మొరాయించి ఆగిపోగా అధికారి దానిని విప్పి తుడుస్తూ ఉంటే నాయుడు గారు పక్కన నిలిచి, కావలసినవి అందించి, కన్నార్పక చూశారని చెబుతారు. బండి వెళ్ళిపోయినది. ఆయన మనస్సు మాత్రం దాని వెంటనే పోయినది.

పొలం విడిచి కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా కుదిరారు. అన్నీ ఓర్చుకుని, పైసా పైసా కూడబెట్టి, చివరకు ఆ అధికారి నుండి ఆ మోటారు సైకిలునే కొన్నారు. అది ఇంగ్లండులోని రడ్జ్ కంపెనీ చేసిన బండి. కొన్న తరువాత దానిమీద ఊరేగిన ముచ్చటకంటె దానిని ముక్కలుగా విప్పిన ముచ్చటే ఆయన చరిత్రకారులు ఎక్కువగా చెబుతారు. విప్పారు, చూశారు, తిరిగి బిగించారు.

ఆ విప్పడంలో ఏముందో కొంత వివరించవలసి ఉన్నది. ఆ కాలపు మోటారు సైకిలుకు ఒకే సిలిండరు. సిలిండరులో పిస్టను దిగుతూ పెట్రోలు, గాలి మిశ్రమాన్ని లోనికి పీలుస్తుంది. పైకి లేచి దానిని అణచిపెడుతుంది. సరిగా ఆ క్షణాన నిప్పురవ్వ పడగా మిశ్రమం మండి పిస్టనును కిందికి తోస్తుంది. మరల పైకి లేస్తూ కాలిన పొగను వెలుపలికి నెట్టుతుంది. ఈ నాలుగు అడుగులలో శక్తినిచ్చేది ఒక్కటే. తక్కిన మూడూ ఆ ఒక్కదానికి చేసే సేవ. నిప్పురవ్వను పుట్టించే మాగ్నెటో, మిశ్రమాన్ని కలిపే కార్బురేటరు, వాల్వులను సమయానికి తెరచి మూసే పళ్ళచక్రాలు, వీటిలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి తప్పినా బండి కదలదు. ఇదంతా పుస్తకంలో పటం చూసి కంఠస్థం చేయవచ్చు. కాని విప్పిన బండిని తిరిగి బిగించినప్పుడు అది కదిలితీరాలి. అక్కడ పరీక్షాధికారి బండియే. దానికి మొహమాటం లేదు, గ్రేసు మార్కులు లేవు.

ఇక్కడ ఒక్క మాట మన ఊరి సంగతి. హైదరాబాదు రాష్ట్రంలో మోటారు మరమ్మతు విద్య చాలావరకు ఉస్తాదు, షాగిర్దుల పరంపరలో నడిచింది. పానా అందించడంతో మొదలై, చక్రం విప్పడం, బ్రేకు సరిచేయడం, గేరుబాక్సు దింపడం, చిట్టచివరకు ఇంజను తెరవడం వరకు షాగిర్దు ఎదుగుతాడు. పొగగొట్టం నుండి నీలి పొగ వస్తే పిస్టను రింగులు అరిగి ఆయిలు మండుతున్నదనీ, నల్ల పొగ వస్తే ఇంధనం మోతాదు మించినదనీ ఉస్తాదు దూరం నుండే చెప్పగలడు. ఇంజను మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, దాని పిడి చెవి వద్ద పెట్టుకుని, ఏ బేరింగు చెడినదో పట్టగలడు. ఈ విద్య ఏ విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికలోనూ లేదు. దీనికి పట్టాలు లేవు. అందువల్లనే గౌరవమూ లేదు. పసిపిల్లలను షెడ్డులో పెట్టడం అన్యాయం, చట్టవిరుద్ధం కూడ. దానిని మేము సమర్థించము. కాని ఆ ఉస్తాదుల చేతిలో ఉన్నది విద్య కాదని మాత్రం ఎవరూ అనరాదు. నాయుడు గారు ఆ కోవకు చెందిన ఉస్తాదే. తేడా ఏమనగా, ఆయనకు తానే షాగిర్దు.

మోటారు సైకిలు తరువాత కొంతకాలం ఆయన పత్తి వ్యాపారంలో ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తిరుప్పూరులో పత్తి జిన్నింగు ఫ్యాక్టరీ పెట్టి ధనం గడించారు. ఆ ధనంతో బొంబాయి పత్తి బజారులో దిగి, పోగొట్టుకున్నారు. తిరిగి కోయంబత్తూరు చేరేనాటికి చేతిలో మిగిలినది యంత్రజ్ఞానం ఒక్కటే.

అప్పుడు ఆయనను ఆదుకున్నవారు సర్ రాబర్ట్ స్టేన్స్. ఈ ఆంగ్లేయ వర్తకుడు కోయంబత్తూరులో మిల్లులు, కాఫీ వ్యాపారం నడిపినవాడు. 1862లోనే అక్కడ పాఠశాల స్థాపించినవాడు. ఆయన సహాయంతో నాయుడు గారు ఒక బస్సు సంపాదించి 1920లో పొల్లాచి, పళని పట్టణాల మధ్య నడపసాగారు. పొల్లాచి పెద్ద సంత. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం. వర్తకులు, యాత్రికులు, రెండు విధాల ప్రయాణికులూ ఆ దారిలో దొరుకుతారు. బస్సుకు డ్రైవరు నాయుడు గారే, యజమాని ఆయనే, చెడితే కింద దూరి బాగుచేసే మెకానిక్కూ ఆయనే.

ఆ కాలపు బస్సు నడపడమంటే ఏమిటో నేటివారికి ఊహకు అందదు. రోడ్లు మట్టివి, కంకరవి. టైరు పగలడం నిత్యకృత్యం. స్ప్రింగు పట్టీలు విరుగుతాయి. కొండ ఎక్కితే రేడియేటరులో నీరు మరుగుతుంది. విడిభాగాలు ఓడలో రావాలి. కాబట్టి బస్సుల వ్యాపారంలో లాభనష్టాలను నిర్ణయించేది టికెట్లు కాదు, వర్కుషాపు. ఏ భాగం ఎన్ని మైళ్ళకు అరుగునో ముందుగా తెలిసి, విరుగకముందే మార్చినవాడు గెలుస్తాడు. విరిగిన తరువాత మార్చేవాడి బస్సు దారిలో నిలిచి ఉంటుంది. నాయుడు గారి యూనివర్సల్ మోటార్ సర్వీస్ పెరిగిన రహస్యం ఇదే అని మా నమ్మకం. 1930వ దశకం నాటికి వందల బస్సులతో అది దేశంలోని మేలైన రవాణా సంస్థలలో ఒకటిగా పేరు గడించినది.

ధనికుడైన తరువాత ఆయన విదేశాలు తిరిగారు. 1936లో బెర్లిను నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు అక్కడ ఉన్నారు. కెమెరాతో చిత్రాలు తీశారు. జర్మనీ నుండి తెచ్చిన అనుభవంతో చిన్న మోటారుతో, బ్యాటరీతో నడిచే క్షౌరయంత్రాన్ని రూపొందించారు. దాని పేరు రాసంట్. పలుచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో నడిచే పంకా, కెమెరాలో దూరాన్ని సరిచేసే పరికరం, ఓట్లను నమోదుచేసే యంత్రం, ఇట్లా ఆయన పేరిట చెప్పే వస్తువుల పట్టిక పొడవైనది. ప్రత్తి, బొప్పాయి మొక్కల మీద కూడ ప్రయోగాలు చేశారు. ఆయనను భారతదేశపు ఎడిసన్ అని కొనియాడడం ఆచారమైపోయినది. మాకు ఆ పోలిక అంతగా రుచించదు. ఎడిసన్ వెనుక పెద్ద ప్రయోగశాల, పేటెంట్లకు విలువనిచ్చే దేశం, పెట్టుబడిదారులు ఉన్నారు. నాయుడు గారికి వెనుక ఉన్నది బస్సుల షెడ్డు.

ఈ వస్తువులన్నింటిలో నిలిచినది ఒక్కటి. 1937లో కోయంబత్తూరు శివారున పీలమేడులో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి ఆయన తయారుచేయించిన విద్యుత్ మోటారు. స్వదేశంలో రూపొందిన తొలి మోటారుగా దానిని పేర్కొంటారు. ఆ దశకంలోనే పైకారా జలవిద్యుత్తు కోయంబత్తూరుకు అందినది. కరెంటు వచ్చిన చోట బావికి పంపు కావాలి, మిల్లుకు మోటారు కావాలి. అవసరం ఎదుట నిలిచినప్పుడు వస్తువు పుట్టినది. కోయంబత్తూరు నేటికీ పంపుసెట్లకు ప్రసిద్ధి. మెదకు జిల్లాలో బోరుబావి మీద ఆధారపడిన రైతు తన పొలంలో బిగించిన మోటారు మీది అక్షరాలను ఒకసారి చదివితే ఆ ఊరి పేరు కనిపించడం అరుదు కాదు.

ఇక ఆయన జీవితంలో మాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచిన ఘట్టం. 1945లో నాయుడు గారి దానంతో, కృషితో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. కళాశాలకు ప్రిన్సిపాలు ఎవరు? ప్రాథమిక పాఠశాల నుండి పారిపోయి వచ్చిన దొరస్వామి నాయుడు గారే! విద్యా చరిత్రలో ఇట్టి విచిత్రం మరొకటి మేము ఎరుగము.

అయితే ఆ పదవి ఎక్కువకాలం నిలువలేదు. ఇంజనీరింగు పట్టాకు ప్రభుత్వం నిర్ణయించిన కాలం నాలుగేండ్లు. అంతకాలం అక్కరలేదనీ, సెలవులూ వృథా కాలక్షేపమూ తీసివేసి, పనిలో పెట్టి నేర్పితే రెండేండ్లలో అదే విద్యను నేర్పవచ్చుననీ ఆయన వాదించారు. రేడియో వంటి విషయాలకు కొద్ది వారాల శిక్షణ చాలునన్నారు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన రాజీనామా చేశారు. కళాశాల తరువాత స్థలం మారి, పేరు మారి, నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ప్రసిద్ధమై ఉన్నది. అక్కడ నేటికీ ఇంజనీరింగు పట్టా నాలుగేండ్లకే.

ఈ వివాదంలో ఎవరిది న్యాయం? అధ్యాపక వృత్తిలో ఉన్న మాకు ఈ ప్రశ్న తేలికైనది కాదు. తరగతి గదిలో ఎంత కాలం వ్యర్థమవుతున్నదో మాకు తెలుసు. లేబొరేటరీలో యంత్రాన్ని తాకనివ్వక దూరం నుండి చూపి, రికార్డు పుస్తకంలో పటం వేయించి, దానికి మార్కులు వేయడం మన దేశంలో కొత్త కాదు. ఆ దృష్టితో చూస్తే నాయుడు గారి కోపం ధర్మమైనది. సర్ సి.వి. రామన్ వంటి శాస్త్రవేత్త ఆయనలోని విద్యాబోధకుణ్ణి ప్రశంసించారంటే ఆ పద్ధతిలో సత్తువ ఉన్నదనే అర్థం. కాని మరొక వైపు కూడ ఉన్నది. బండి ఎట్లా నడుస్తున్నదో విప్పి తెలుసుకోవచ్చు. అది ఎందుకు అంతకంటె బాగా నడవదో తెలుసుకోవడానికి గణితం కావాలి, ఉష్ణశాస్త్రం కావాలి, లోహశాస్త్రం కావాలి. అవి తొందరపెడితే లొంగవు. నాయుడు గారు తన అసాధారణ బుద్ధిని కొలబద్దగా పెట్టుకుని సామాన్య విద్యార్థిని కొలిచారేమో అని మాకు అనుమానం. గొప్పవారు తరచుగా చేసే పొరపాటు ఇదే.

వారి వాదంలో మరొక అంశం మనకు దగ్గరిది. యంత్రవిద్యకు ఆంగ్లం అడ్డుగోడ కారాదు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కళాశాల 1929లో ప్రారంభమైనప్పుడు బోధన ఉర్దూలోనే సాగినది. దారుత్తర్జుమాలో పండితులు కూర్చుని పాశ్చాత్య శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. తల్లిభాషలో వంతెన కట్టడం, యంత్రం నడపడం నేర్వవచ్చునని మన గడ్డమీదనే ఒకప్పుడు రుజువైనది. ఆ ప్రయత్నం 1948 తరువాత ముగిసినది. నాయుడు గారు పుస్తకాన్ని తప్పించి యంత్రాన్ని ముందుకు తెచ్చారు; ఉస్మానియావారు పుస్తకాన్నే విద్యార్థి భాషలోకి తెచ్చారు. దారులు వేరు. గోడ మాత్రం ఒక్కటే.

స్వాతంత్ర్యానంతరం నాయుడు గారు తలపెట్టినది కారు. ఈ దేశంలో మోటారు వాహనాలు తయారు కావాలన్న ఆలోచన అప్పటికి కొత్తది కాదు. మూసీ వరదల తరువాత హైదరాబాదును కాపాడే జలాశయాలకు రూపకల్పన చేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు 1930వ దశకంలోనే మోటారు కర్మాగారానికి ప్రణాళిక వ్రాసి ప్రభుత్వం చుట్టూ తిరిగారు. 1942లో బిర్లాల హిందుస్తాన్ మోటార్స్, 1944లో వాల్‌చంద్ గారి ప్రీమియర్ వెలిశాయి. కాని అవి విదేశీ నమూనాలను ఇక్కడ బిగించిన కార్లు. ధనికుల కొరకు చేసినవి. నాయుడు గారు 1952లో రూపొందించినది ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు. ఉద్దేశించిన ధర రెండు వేల రూపాయలు.

అది వీధిలోకి రాలేదు. 1951 నాటి పరిశ్రమల చట్టం ప్రకారం అట్టి కర్మాగారానికి కేంద్రప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు రాలేదు. ఉత్పత్తి ఆగిపోయినది. ప్రభుత్వం పక్షాన కూడ ఒక తర్కం ఉన్నది. విదేశ మారకద్రవ్యం అరుదు, ఇనుము అరుదు, ఉన్న కొద్ది వనరులను కొద్దిమంది తయారీదారులకే పరిమితం చేయాలని అది భావించినది. దేశంలోనే పూర్తిగా తయారుచేసే పథకం లేని కంపెనీలకు చోటు లేదన్న విధానం 1953లో స్థిరపడగా ఫోర్డు, జనరల్ మోటార్స్ వంటి మహాసంస్థలే దేశం విడిచిపోయినవి. అయితే దేశంలో పుట్టి, దేశంలోనే చేయదలచిన చిన్నవాని చేతికి కూడ అదే సంకెల పడడం చరిత్రలోని పరిహాసం. ఆ కారు నిజంగా రెండు వేలకు వచ్చి ఉండేదా, కొండలు ఎక్కి ఉండేదా, పదేండ్లు నడిచి ఉండేదా? చేసి చూస్తే గదా తెలిసేది! ఆ చేసి చూసే అవకాశమే దక్కలేదు. 2008లో టాటావారు లక్ష రూపాయల కారును లోకానికి చూపినప్పుడు పత్రికలన్నీ అది అపూర్వమన్నాయి. సామాన్యునికి కారు అన్న కల అంతకు అరువది ఏండ్లకు కొద్ది తక్కువగా ముందే ఒక తెలుగువాని షెడ్డులో చక్రాల మీద నిలిచినదని ఎవరూ గుర్తుచేయలేదు.

నాయుడు గారు నేడు ఉంటే ఏమి విప్పేవారు? తప్పక విద్యుత్ కారునే విప్పేవారు. 1937లో ఆయన ముచ్చటపడిన మోటారే నేడు పెట్రోలు ఇంజనును తొలగించి కారులో కూర్చుంటున్నది. ఇంజనులో పిస్టను, వాల్వులు, క్యాములు, క్రాంకు మొదలైన కదిలే భాగాలు ఎన్నో. విద్యుత్ మోటారులో తిరిగేది ముఖ్యంగా ఒక్క రోటరు. క్లచ్చి లేదు, కార్బురేటరు లేదు, ఇంజను ఆయిలు లేదు, పొగ లేదు. అంటే పొగ రంగు చూసి రోగం చెప్పే ఉస్తాదు విద్యలో సగానికి పని లేకుండా పోతున్నది. ఆ స్థానంలో బ్యాటరీ, దాని వేడిని అదుపుచేసే ఏర్పాటు, మోటారుకు కరెంటును కొలిచి పంపే కంట్రోలరు, వీటన్నింటినీ నడిపే కంప్యూటరు వచ్చినవి.

ఇక్కడ మరొక గట్టి మాట చెప్పవలసి ఉన్నది. విప్పి చూసి నేర్చుకోవడం అనే నాయుడు గారి పద్ధతి ఈ బండి వద్ద ప్రాణాంతకం. విద్యుత్ కారు బ్యాటరీలో సాధారణంగా మూడు నాలుగు వందల వోల్టుల శక్తి నిలువ ఉంటుంది. తాళంచెవి తీసినా అది చావదు. సరియైన చేతితొడుగులు లేక, ముందుగా దేనిని వేరుచేయాలో తెలియక పానా పెట్టినవాడు రెండవసారి పానా పట్టకపోవచ్చు. కనుక ఇకమీదట షెడ్డు విద్యకు పుస్తకం తోడు కావలసిందే. పుస్తకం చదివినవాడికి షెడ్డు తోడు కావలసిందే. కేబులు ఎక్కడ తుప్పుపట్టునో, ఏ కనెక్టరు గుంతల రోడ్డు మీద వదులగునో పటంలో ఉండదు.

మోటారు లైనును గురించి అడిగే మన విద్యార్థులకు ఇంత దూరం కోయంబత్తూరు సంగతి చెప్పి, దగ్గర సంగతి చెప్పకపోవడం బాగుండదు. పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లో మోటారు వాహనాల మెకానిక్ శిక్షణ రెండేండ్లు. నాయుడు గారు కోరిన కాలపరిమితి ఇక్కడ ఆయనకు దక్కినది! పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో చేరితే డిప్లొమా మూడేండ్లు. అటు తరువాత ఇసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో నేరుగా ప్రవేశం. 1961 నాటి అప్రెంటిసు చట్టం కింద కర్మాగారాలలో, ఆర్.టి.సి. డిపోలలో భత్యంతో కూడిన శిక్షణ ఉన్నది. షెడ్డులో ఏండ్ల తరబడి పనిచేసి విద్య వచ్చినా పట్టా లేనివారిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే పద్ధతి కూడ కేంద్రప్రభుత్వ నైపుణ్య పథకంలో ఏర్పడినది. ఉస్తాదు విద్యను ప్రభుత్వం విద్యగా ఒప్పుకోవడానికి ఇది తొలిమెట్టు. తమ అన్నలకు, మామలకు ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత చదువుకున్న తమ్ముళ్ళది.

పని ఎక్కడ దొరుకునని అడిగేవారికి కూడ సమాధానం ఉన్నది. 2016లో జిల్లాలు విడిపోకముందు మన మెదకు జిల్లాలోనే ఉన్న జహీరాబాదులో 1980వ దశకంలో ఆల్విన్ నిస్సాన్ పేరిట చిన్న ట్రక్కుల కర్మాగారం వెలిసినది. తరువాత అది మహీంద్రావారి చేతికి వచ్చినది. అక్కడే వారు ట్రాక్టర్లనూ తయారుచేస్తున్నారు. ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారంలో సైన్యానికి శరత్ అనే యుద్ధ వాహనాలు తయారవుతున్నవి. ఊరు నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నా కర్మాగారం పేరులో మాత్రం మెదకు మిగిలియున్నది. వాహనాలు చేసే చోటు మన వారికి దూరదేశం కాదు. వెలితి అంతా ఆ గేటు వరకు పోయే ధైర్యంలోనే ఉన్నది.

జి.డి. నాయుడు గారు 1974 జనవరి 4వ తేదీన కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన కూడబెట్టిన యంత్రాల ప్రదర్శనశాల ఉన్నది. 2015లో ఆయన సంస్థవారు పాత కార్ల ప్రదర్శనశాలను కూడ తెరిచారు. ఆ నగరంలోని అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవున కట్టిన పై వంతెనను 2025 అక్టోబరులో ప్రారంభించి దానికి నాయుడు గారి పేరు పెట్టారు. కళాశాల విహారయాత్రకు ఊటీ పోయే విద్యార్థులు కోయంబత్తూరు మీదుగా పోవచ్చు. దారిలో ఒక పూట అక్కడ ఆగవచ్చు.